ఊడవని మూల: బడి ఆవరణలో ప్రాణుల కోసం మా ఎకో క్లబ్ డైరీ

తొలకరికి ముందు

ఎకో క్లబ్ అనగానే మొక్కలు నాటడమే అందరికీ తడుతుంది. బ్యానరు, ఫొటో, చప్పట్లు. పక్షం తిరిగేసరికి ఆ మొక్కకి నీళ్ళు పోసే దిక్కుండదు. అందుకని ఈసారి మొక్కల జోలికి పోకుండా మొదలుపెడదామన్నాను. ఆవరణలో ఇప్పటికే ఏమేం బతుకుతున్నాయో ముందు చూడాలి. మనం రోజూ చేసే పనుల్లో వేటిని మానేస్తే వాటికి ఊపిరాడుతుందో తేల్చాలి. గడ్డపార పట్టేది ఆ తర్వాతే. పిల్లలకి ఇది అస్సలు నచ్చలేదు. వాళ్ళకి గడ్డపారే కావాలి.

నాలుగు కర్రలకి తాడు చుట్టి మీటరు చదరం కట్టాం. దాన్ని ప్రార్థన జరిగే మైదానంలో ఒకసారి, వరండా ముందు పూలమడిలో ఒకసారి, వెనక ప్రహరీ గోడ మొదట్లో ఒకసారి పెట్టి, లోపల ఎన్ని రకాల మొక్కలున్నాయో, ఏమేం కదులుతున్నాయో రాశాం. పేరు తెలియకపోయినా పర్లేదు, బొమ్మ గీసి ‘గుండ్రాకు’, ‘ఎర్రకాడ’ అని రాసుకోమన్నాను. మైదానంలో గరిక, చీమలు తప్ప ఏమీ లేవు. అంత ముచ్చటగా కనపడే పూలమడిలోనూ దాదాపు అంతే. క్రోటన్లు, ముద్దబంతి, చుట్టూ సున్నం కొట్టిన ఇటుకలు. ఎవరూ పట్టించుకోని గోడ పక్కన మాత్రం పేజీ నిండిపోయింది: గడ్డి చామంతి, పులిచింత, తుమ్మి, ఉత్తరేణి, రెడ్డివారి నానబాలు. వాటి మీద గోరంత నీలి సీతాకోకచిలుకలు. గ్రాస్ బ్లూ అనే ఈ చిన్నవాటిలో ఒక రకం పులిచింత ఆకు మీదే గుడ్లు పెడుతుంది. ఏటా మేం కలుపని పీకించి పారేస్తున్నది ఆ ఆకునే.

తర్వాత ఇంకో పటం గీశాం. ఆవరణలోంచి రోజూ ఏం బయటికి పోతోంది, ఎక్కడికి పోతోంది? రాలిన ఆకులు మంటలోకి, కోసిన గడ్డి చెత్తబండిలోకి, ఎండిన కొమ్మలు పొయ్యిలోకి. గోడ వెంట ఏడాదికోసారి కలుపు మందు. కింద పడ్డదేదీ కింద మిగలట్లేదు. ఇలాంటి చోట పురుగు ఎక్కడుంటుంది, పురుగు లేకపోతే పిట్టకి ఏం దొరుకుతుంది? గింజలు తినే పిచ్చుక కూడా గూట్లో పిల్లలకి పురుగులే పెట్టి పెంచుతుంది.

హెచ్చెమ్ గారి ముందు మూడు అడిగాం. ఆకులు కాల్చకూడదు. వెనక గోడ వెంట ఒక పట్టీలో గడ్డి కోయకూడదు. మందు కొట్టకూడదు. పైసా ఖర్చు లేదు కాబట్టి ఆయన వెంటనే ఒప్పుకుంటారనుకున్నాం.

పాముల మీటింగు

ఆయన అన్నది ఒక్క మాటే: “పాములొస్తే?” తల్లిదండ్రుల సమావేశంలోనూ అదే ప్రశ్న, ఇంకాస్త గట్టిగా. ఈ భయాన్ని మూఢనమ్మకంలా కొట్టిపారేసే పెద్దమనుషులంటే నాకు ఒళ్ళు మంట. పిల్లలు తిరిగే చోటు, అడగాల్సిన ప్రశ్నే అది.

పాము ఆకుల కోసం రాదు. ఎలుక కోసం, కప్ప కోసం, నక్కడానికి చోటు కోసం వస్తుంది. బడిలో ఎలుకల్ని పెంచుతున్నది మా గోడ మూల కాదు, మధ్యాహ్నం తిన్నాక మూతలేని డబ్బాలో పారేసే ఎంగిలి. ముందు ఆ డబ్బాలకి మూతలు పెట్టించాం. మురుగు కాలవ బయటికి పోయే చోట సన్న కన్నాల జాలీ బిగించాం. ఆకుల కుప్ప, కట్టెల కుప్ప తరగతి గదులకీ నడిచే దారికీ దూరంగా. కోయని పట్టీకీ ఆటస్థలానికీ మధ్య మీటరున్నర వెడల్పున గడ్డి పొట్టిగా కోసి ఉంచాలి, పాము దాటితే కనపడేటట్టు. ఆ మూలకి పెద్దవాళ్ళు లేకుండా వెళ్ళకూడదు, చెప్పులు కాదు బూట్లు, చీకటి పడ్డాక అసలే వద్దు. కుప్పలో చెయ్యి పెట్టకూడదు, కర్రతో తిరగెయ్యాలి. పాములు పట్టేవాళ్ళ నంబరు స్టాఫ్ రూములో, వాచ్‌మన్ దగ్గర.

కాటు పడితే ఏం చెయ్యాలో కూడా ఆ రోజే చెప్పాం. కొయ్యడాలు, నోటితో పీల్చడాలు, తాడుతో బిగించి కట్టడాలు వద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, నాటు మందుల కోసం ఆగకుండా నేరుగా విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇది విన్నాక వెనక వరసలో ఒకాయన “ఇది మా చేల దగ్గరా చెప్పాల్సిన మాటే” అన్నాడు. మీటింగు అక్కడితో చల్లబడింది.

హెచ్చెమ్ గారు మాత్రం ఒక షరతు పెట్టారు. గేటు లోంచి చూస్తే బడి బడిలా ఉండాలి, బీడులా కాదు. అందులో తప్పేం లేదు. పట్టీ అంచుని తిన్నగా కోసి, తాడు కట్టి, “ఇక్కడ గడ్డి కావాలనే పెంచుతున్నాం” అని బోర్డు పెట్టాం. అంచు తిన్నగా ఉంటే లోపలి గుబురు కంటికి పద్ధతిగానే అనిపిస్తుంది.

ఆయమ్మతో

అసలు చిక్కు ఊడ్చే ఆయమ్మ దగ్గర వచ్చింది. “ఊడవకపోతే నన్నే అంటారు టీచరుగారూ, బోర్డుని అనరు” అంది. నిజమే. హెచ్చెమ్ గారు ప్రార్థన దగ్గర అందరి ముందూ, ఆ మూల ఊడవకపోవడం బడి నిర్ణయమని చెప్పాకే ఆవిడకి ధీమా వచ్చింది. ఆ తర్వాత మా క్లబ్బుకి ఆవిడంత ఖబర్లు తెచ్చిపెట్టేవాళ్ళు లేరు. రంగన్ పొదలో పిగిలిపిట్ట గూడు, బోరు మోటారు గది కప్పు కింద కందిరీగల తుట్టె, అన్నీ ముందు ఆవిడ కంటే పడ్డాయి. రోజూ తెల్లారకముందు ఆవరణంతా నడిచే మనిషి ఆవిడొక్కతే మరి.

కందిరీగల తుట్టె మాత్రం తీయించేశాం. తరగతి కిటికీకి అంత దగ్గర్లో దాన్ని ఉంచడం మొండితనమే అవుతుంది.

ఆకుల కుప్పలు

రెండు కుప్పలు. మొదటిది ఎరువు కోసం: నాలుగు గుంజలు, చుట్టూ కోళ్ళ జాలీ, మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. ఎండాకులు ఒక మందమైన పొర, పచ్చి గడ్డి ఒక పలచని పొర. పిడికిట్లో పట్టి నొక్కితే చెయ్యి తడవాలి గానీ నీళ్ళు కారకూడదు. వాసన వస్తే పచ్చి ఎక్కువైనట్టు, కుళ్ళకుండా అలాగే పడుంటే తడి చాలనట్టు. దీన్ని తిరగేస్తూ ఉంటాం. రెండోది తిరగెయ్యం, ముట్టుకోం. అది ప్రాణులకి.

ముట్టుకోని కుప్ప అంచున కర్రతో నాలుగు ఆకులు పక్కకి జరిపి చూడ్డమే మా ప్రాక్టికల్ క్లాసు. రోకలిబండ కదలగానే చుట్ట చుట్టుకుంది. ఏడో తరగతి పిల్లలు భూతద్దం తీసుకుని కాళ్ళు లెక్కపెట్టే పనిలో పడ్డారు. ఒంటి మీద ఒక్కో గణుపు దగ్గర రెండు జతల కాళ్ళు. పక్కనే చరచరా పాకిన జెర్రికి గణుపుకి ఒక్క జతే. తీరిగ్గా నడిచేది కుళ్ళిన ఆకు తినే రోకలిబండ, ఉరికేది పురుగుల్ని వేటాడే జెర్రి. ఎవరేం తింటారో నడకలోనే తెలిసిపోతుందన్నమాట. జెర్రి కరుస్తుంది కాబట్టి చూడ్డం వరకే. రోకలిబండ కూడా ఒంట్లోంచి ఒక రకం స్రావం వదులుతుంది, చేత్తో పట్టుకుంటే చెయ్యి కడుక్కోకుండా కళ్ళు నలుపుకోకూడదు.

తొలి వానలు

మొదటి జల్లు పడ్డ మర్నాడు ఎర్రటి మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు. పిల్లలు అగ్గిపెట్టెలు తెచ్చారు, నేను అగ్గిపెట్టెలు లాక్కున్నాను. అవి పురుగుల్లో లెక్క కాదు, ఎనిమిది కాళ్ళు, సాలీళ్ళ చుట్టాలు. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉండి, వానకి పైకొచ్చి కొద్దిరోజులే తిరుగుతాయి. ఆ కొద్దిరోజులూ అగ్గిపెట్టెలో గడిచిపోతే ఎలా?

కోయని పట్టీలో మేం ఒక్క గింజ కూడా చల్లలేదు. అయినా గునుగు, తుమ్మి, తేలుకొండి, అత్తిపత్తి వాటంతటవే లేచాయి. గింజ మట్టిలో ఏళ్ళ తరబడి ఓపిక పట్టగలదు. వాటితోపాటే వయ్యారిభామ కూడా లేచింది. అడ్డంకులు లేనిచోట ఏదైనా రానిస్తామన్న ఆదర్శం దీని దగ్గర పనికిరాదు. ఒక్కో మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది, చర్మానికి దద్దుర్లు, కొందరికి ఆయాసం. పిల్లల్ని దగ్గరికి రానివ్వకుండా, పూత రాకముందే, తడి నేలలో పెద్దవాళ్ళం గ్లోవ్స్ వేసుకుని వేళ్ళతో సహా పీకాం. ఇది ప్రతి వానకీ చెయ్యాల్సిందే.

నాటడం, ఎట్టకేలకి

పిల్లలు ఎదురుచూసిన గడ్డపార రోజు. ఏం నాటాలన్న దగ్గర పెద్ద చర్చే జరిగింది. పూలుంటే సీతాకోకచిలుకలు వస్తాయి, అది మకరందం కోసం. గుడ్డు పెట్టాలంటే మాత్రం ఒక్కో రకానికి ఒక్కో ఆకు కావాలి. కరివేపాకు, నిమ్మ, మారేడు మీద లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్. తంగేడు, రేల మీద పచ్చని ఎమిగ్రెంట్‌లు. ఆముదం మీద క్యాస్టర్. జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్. గిలిగిచ్చ, తేలుకొండి అయితే ఇంకో కథ: టైగర్, క్రో అనే సీతాకోకచిలుక జాతుల్లో మగవి వీటి ఎండిన ఆకుల్ని గీరి అందులోని రసాయనాల్ని పీల్చుకుంటాయి, ఆడవాటిని ఆకర్షించే వాసన వాటితోనే తయారవుతుంది. గిలిగిచ్చ కొమ్మ ఒకటి వాడిపోతే పీకెయ్యొద్దని పిల్లలకి చెప్పాల్సొచ్చింది.

పూలకైతే ఒకటే నియమం: ముద్ద పూలు వద్దు, రేకపూలు కావాలి. ముద్దబంతిలో రేకులు కిక్కిరిసి ఉంటాయి, తేనెటీగకి పుప్పొడి అందదు. ఒంటిరేక పూలు కంటికి ఆనకపోవచ్చు, తేనెటీగలకి మాత్రం అవే కావాలి.

నాటిన మొక్కల ఆకులు తినేస్తున్నాయని ఫిర్యాదు చేస్తే అదే ఆనందించాల్సిన సంగతి, నాటిందే తినడానికి. ఒక్క మినహాయింపు: ఒళ్ళంతా నూగున్న గొంగళ్ళు. మునగ బోదెకి గుంపుగా పట్టే రకం తగిలితే దురద ఒక పట్టాన వదలదు. వెంట్రుకలున్నదాన్ని ముట్టుకోవద్దన్నది మా దగ్గర చట్టం.

జిల్లేడు దగ్గర

ఈ డైరీలో ఎక్కువ పేజీలు దీనివే.

జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, అందుకే ఎవరూ తుంచకుండా చుట్టూ చిన్న తడిక కట్టి, బయట నిలబడి చూడాలన్నాం. లేత ఆకు అడుగున ప్లెయిన్ టైగర్ పెట్టిన ఒక్కటే తెల్లటి గుడ్డు, ఆవగింజంత. మూడు నాలుగు రోజుల్లో అది చిట్లి, నలుపు తెలుపు పసుపు చారల గొంగళి. అంత కొట్టొచ్చే రంగులు వేసుకుని నడి ఆకు మీద నిర్భయంగా కూర్చోవడం పిల్లలకి అర్థం కాలేదు. పక్కన నిమ్మ మీద చూస్తే లైమ్ బటర్‌ఫ్లై గొంగళి పిట్టరెట్ట వేషం వేసుకుని నక్కి ఉంది, కెలికితే తల వెనక నించి ఎర్రటి రెండు కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన కొడుతోంది. జిల్లేడు గొంగళికి ఈ తంటా లేదు. జిల్లేడు విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి నోరు చేదైన పిట్ట ఆ చారల్ని మళ్ళీ ముట్టదు. అదే విషం రెక్కలొచ్చాక కూడా ఉంటుంది, నారింజ రంగు మీద నల్ల అంచు. విషం లేని ఎగ్‌ఫ్లై అనే ఇంకో జాతి ఆడది అచ్చం ఇదే వేషం కట్టి తిరుగుతుంది.

తినే పద్ధతి ఇంకా బాగుంది. ఆకుని నేరుగా కొరికితే పాలు నోటికి అంటుకుపోతాయి. కాస్త పెద్దదైన గొంగళి ముందు ఈనెను కొరికి వదిలేసింది. పాలు అక్కడే బొట్లు కట్టాయి. ఆ తర్వాత గాటుకి అవతలి భాగాన్ని అంచు నించి తినడం మొదలుపెట్టింది. ఒకమ్మాయి “మోటారు ఆపి పైపు రిపేరు చేస్తోంది టీచర్” అంది. దీనికి మించి నేను వివరించేదేం లేక బోర్డు తుడిచేశాను.

ప్యూపాల (గొంగళి సీతాకోకచిలుకగా మారే తొడుగుల) విషయంలో టెన్షన్ మొదలైంది. పిల్లలు ఒక్కోదానికి పేరు పెట్టుకున్నారు. చాలావరకు పారదర్శకంగా మారి, లోపలి నారింజ రెక్క కనపడి, తెల్లారేసరికి ఖాళీ తొడుగులయ్యాయి. ఒకటి మాత్రం గోధుమ మచ్చలు పడి మెత్తబడింది. దాన్నించి జిగురు దారం ఒకటి వేలాడింది, దారం పట్టుకుని తెల్లటి ఈగ పురుగు కిందికి దిగింది. ఏడుపులు. ఒకడు ఆ పురుగుని చెప్పుతో తొక్కబోయాడు.

తొక్కనివ్వలేదు. ఇది టాకినిడ్ ఈగ, గొంగళి ఒంట్లోనే పెరుగుతుంది. ఇది లేకపోతే గొంగళ్ళు చెట్టుకి ఆకు మిగల్చవు. పొలాల్లో కాయతొలుచు పురుగుల్ని అదుపులో పెట్టేవాటిలో దీని చుట్టాలున్నాయి. జీవవైవిధ్యం రిజిస్టరులో అందమైనవాటినే రాస్తామంటే అది ఆల్బమ్ అవుతుంది. పురుగుని మట్టి ఉన్న సీసాలో వేసి, మూతకి జాలీ కట్టి ఉంచాం. కొన్నాళ్ళకి బిరుసు వెంట్రుకల ఈగ బయటికొచ్చింది. దానికీ పేరు పెట్టారు.

నీళ్ళు

చెరువు అని పిల్లలంటారు, నిజానికి అది నడుం లోతు కూడా లేని గుంట. మధ్యలో మోకాలి కన్నా తక్కువ లోతు, ఒక పక్క వాలు, కప్పలు, ఉడతలు పడితే పైకి రావడానికి రాళ్ళ మెట్లు. చుట్టూ కంచె, తాళం, పైన మనిషి బరువు ఆపే ఇనుప జాలీ. పసిపిల్లలకి జానెడు నీళ్ళు కూడా ప్రమాదమే కాబట్టి ఇందులో బేరం లేదు.

దోమలొస్తాయన్నారు. గంబూసియా చేపలు వదలమని సలహా. దోమల కోసమని ప్రపంచమంతా తిప్పిన చేప అది. అది కప్ప పిల్లల్నీ తూనీగ పిల్లల్నీ కూడా తినేస్తుంది, ఇప్పుడు ప్రపంచంలోని 100 చెడ్డ ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. మేం ఏ చేపా వెయ్యలేదు. తూనీగలు వాటంతటవే వచ్చి తోక ముంచి గుడ్లు పెట్టాయి. తూనీగ పిల్ల నీళ్ళలోనే ఉంటుంది, కింది పెదవిని ఒక్కసారిగా ముందుకి విసిరి దోమ పిల్లని పట్టేస్తుంది. గ్లాసు తొట్టిలో ఒక పావుగంట చూస్తే చాలు, దోమల చర్చ ముగుస్తుంది. అసలు దోమలు పుట్టేది పిట్టల కోసం పెట్టే చిన్న పళ్ళాల్లో, టైర్లలో, పూలకుండీ సాసర్లలో. గుడ్డు నించి దోమ అవడానికి వేడి రోజుల్లో వారం పది రోజులు చాలు. అందుకే పళ్ళేలు రెండ్రోజులకోసారి ఒంపి రుద్ది కడగడం డ్యూటీ చార్టులో ఉంది.

తేనెటీగల గది

తేనెటీగ అంటే పట్టు, పట్టు అంటే కుట్టడం అనుకుంటాం. ప్రపంచంలో 20,000కి పైగా తేనెటీగ జాతులున్నాయి, ఎక్కువ శాతం ఒంటరివి, పట్టు పెట్టవు. సన్న వెదురు గొట్టాలు జానెడు పొడవున, ఒక చివర కణుపుతో మూసుకున్నవి, పెన్సిలు దూరేంత కన్నంతో కట్టకట్టి, వాన తడవని చోట పొద్దుటెండ తగిలేలా వేలాడదీశాం. ఆకుకోత తేనెటీగ గులాబీ ఆకుల్ని గుండ్రంగా కత్తిరించి తెచ్చి గొట్టంలో గదులు కట్టింది. లోపలి గదుల్లో ఆడ గుడ్లు, వాకిలి వైపు మగ గుడ్లు, మగవి ముందు బయటికొస్తాయి కాబట్టి. గొట్టాలు ఏటా మార్చాలి, లేకపోతే పేలు, బూజు పడతాయి. చాలా జాతులకి గొట్టం కూడా అక్కర్లేదు, గట్టి మట్టి నేల చాలు. కాబట్టి గోడ మూల ఒక గజం నేలని గడ్డి లేకుండా బోసిగానే ఉంచాం.

కోసేశారు

ఆవరణ చూడ్డానికి పైనుంచి ఎవరో వస్తున్నారని సెలవు రోజున పట్టీ మొత్తం నున్నగా గీకించేశారు. తాడు, బోర్డు చక్కగా చుట్ట చుట్టి పక్కన పెట్టారు. పిల్లల మొహాలు చూడలేకపోయాను. వేళ్ళు మిగిలాయి గనక గరిక, పులిచింత, గడ్డి చామంతి త్వరగానే తేరుకున్నాయి. పొడుగు గడ్డిలో వేలాడిన ప్యూపాలు, సాలెగూళ్ళు పోయాయి, అవి ఈ ఏడాదికి పోయినట్టే. ఇకమీదట పట్టీని రెండు సగాలు చేసి, ఒక ఏడు ఒక సగం మాత్రమే, గింజ రాలాక, మేమే కోస్తాం. ఎవరైనా చూడ్డానికొస్తే కోసిన సగం చూపించొచ్చు. హెచ్చెమ్ గారు దీన్ని రాతపూర్వకంగా ఇచ్చారు, కాగితం బోర్డు వెనక అంటించాం.

ల్యాబ్ కిటికీ

అద్దానికి గుద్దుకుని గోరింక ఒకటి చనిపోయింది. అద్దంలో చెట్టు నీడ కనపడి దారి ఉందనుకుంటాయి. ఒక్క డేగ బొమ్మ అంటిస్తే సరిపోదు. అద్దం బయటి వైపు రెండంగుళాలకో చుక్క చొప్పున నిండా పెట్టాలి. డ్రాయింగ్ క్లాసు ఒక పీరియడ్‌లో పని ముగించింది.

రిజిస్టరు

మీటరు చదరాన్ని అవే మూడు చోట్ల, ప్రతి రుతువులో మళ్ళీ పెడుతున్నాం. మైదానం మారలేదు, మారాలని కూడా లేదు, అది ఆడుకోవడానికి. పూలమడిలో క్రోటన్ల మధ్య తుమ్మి, గునుగు చేరాక వరసలు పెరిగాయి. గోడ పట్టీకి ఇప్పుడు విడి పుస్తకం. ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో (చూసిన ప్రాణుల్ని నమోదు చేసే వెబ్‌సైటు) పెడతాం, పిల్లల పేరిట కాకుండా క్లబ్‌కి ఒకే ఖాతా, ఫొటోలో మొహాలు ఉండవు, బడి ఉన్న చోటు సరిగ్గా తెలియకుండా మసకబార్చే సెట్టింగ్ ఉంది. చిన్న తరగతులకి ఫొటో చూసి ప్రాణి పేరు చెప్పే సీక్ యాప్, దానికి ఖాతా కూడా అక్కర్లేదు. యాప్ చెప్పిన పేరుని పెన్సిలుతోనే రాయాలి. గొంగళ్ళ దగ్గర అది తరచూ తడబడుతుంది.

సెలవుల ముందు

వేసవిలో నీళ్ళెవరు పోస్తారన్నది మిగిలింది. వాచ్‌మన్ ఒప్పుకున్నాడు, దగ్గర్లో ఉండే పిల్లలు వంతులు రాసుకున్నారు. జిల్లేడు, తంగేడుకి అక్కర్లేదు. గుంట ఎండిపోయినా కొంప మునగదు, వానల వెంట సముద్రాలు దాటొచ్చే పసుపు తూనీగలు కొత్తగా నిండిన గుంటలనే వెతుక్కుంటాయి, వాటి పిల్లలు నెలన్నర అటూ ఇటుగా ఎదిగిపోతాయి. ఎండిన రోజుల్లో అడుగు బురద సగం తీసేస్తే సరి. నీళ్ళు తప్పనిసరి కరివేపాకుకీ, నిమ్మకీ, పిట్టల పళ్ళేలకీ. పళ్ళేలు రుద్దే పీచు మోటారు గదిలో మేకుకి తగిలించి ఉంది.